మూడో మందు కూడా పని చేయనప్పుడు: పక్క మంచం మీద ఉన్నవాళ్ల కోసం ఒక పాఠం

ఈ సంచికకి గ్రాఫ్ అల్గారిథమ్స్ మీద తెలుగులో వ్యాసం రాస్తానని క్లబ్ మీటింగులో మాటిచ్చాను. అది వచ్చే సంచికకి వాయిదా. ఈసారి వేరే పాఠం రాస్తున్నాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి ఒత్తులు, దీర్ఘాలు తప్పితే ఎడిటర్ అన్న సరిదిద్దుతాడు. విషయం మాత్రం ఏడు నెలలుగా దగ్గరుండి నేర్చుకున్నదే.

నా రూమ్మేట్ ఫైనలియర్ అక్క. తనకి డిప్రెషన్. ఏడాదిన్నరగా చికిత్స జరుగుతోంది. మొదటి మందు పని చేయలేదు. మార్చారు. మళ్లీ మార్చారు. మూడోది కూడా పని చేయకపోయేసరికి "ఇంకేమైనా దారి ఉందా, లేక ఇంతేనా" అన్న ప్రశ్న మా రూములోకి వచ్చింది. ఆ ప్రశ్నతో పాటు కూర్చోవడం నాకు చేత కాలేదు. చాలా తప్పులు చేశాను. మీ హాస్టల్లో, మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి ఉంటే ఆ తప్పులు మీరు చేయక్కర్లేదని ఈ వ్యాసం.

అక్కని అడిగే రాస్తున్నాను. తనని గుర్తుపట్టే వివరాలు మార్చాను. "రాయి, కానీ పాపం అని రాయకు" అంది. అదొక్కటే షరతు.

ఇంకో మాట. నేను కంప్యూటర్ సైన్స్ స్టూడెంట్‌ని, డాక్టర్‌ని కాదు. ఇది చదివి ఎవరూ మందు మార్చకండి, ఆపకండి. డాక్టర్‌తో ఏం మాట్లాడాలో తెలుసుకోవడానికి మాత్రమే వాడుకోండి.

1. "లొంగని" అంటే ఏమిటి?

డాక్టర్లు వాడే మాట "ట్రీట్‌మెంట్ రెసిస్టెంట్ డిప్రెషన్". తెలుగులో చికిత్సకు లొంగని డిప్రెషన్ అనుకోవచ్చు. సాధారణంగా చెప్పే నిర్వచనం ఇది: కనీసం రెండు వేర్వేరు మందులు, సరైన డోసులో, సరిపోయినన్ని వారాలు వాడినా తగినంత మెరుగు లేకపోవడం. ఇందులో ప్రతి ముక్కా ముఖ్యమే. నాలుగు రోజులు వేసుకుని మానేసిన మందు ఈ లెక్కలోకి రాదు.

ఆ మాట మొదటిసారి విన్న రోజు అక్క రాత్రంతా గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారి ఒకటే అడిగింది. "రెసిస్టెంట్ అంటే నేను ఎదురు తిరిగాననా?" నాకు జవాబు తోచలేదు. ఇప్పుడైతే చెప్తాను: లొంగనిది జబ్బు, సరిపోనిది మందు. మనిషి చేసిన నేరం ఏమీ లేదు.

ఇది అరుదైన సంగతి కూడా కాదు. అమెరికాలో 2001లో మొదలై దాదాపు 4,000 మందితో స్టార్-డి అనే పెద్ద అధ్యయనం జరిగింది. ఒక మందు పని చేయకపోతే ఇంకోటి, అదీ చేయకపోతే ఇంకోటి, ఇలా నాలుగు మెట్లు. మొదటి మెట్టులో లక్షణాలు పూర్తిగా తగ్గినవాళ్లు దాదాపు మూడో వంతు. మూడో మెట్టు, నాలుగో మెట్టుకి వచ్చేసరికి ఒక్కోదానిలో 13, 14 శాతం. నాలుగు మెట్లూ కలిపితే 67 శాతం దాకా వస్తుందని 2006లో రాశారు. 2023లో అదే డేటాని మళ్లీ లెక్కేసిన పరిశోధకులు అది ఎక్కువ చేసి చూపిన అంకె అనీ, తమ లెక్కలో 35 శాతమే వచ్చిందనీ అన్నారు. ఏ లెక్క తీసుకున్నా రెండు విషయాలు కనిపిస్తాయి. మొదటి మందుతో తగ్గనివాళ్లే ఎక్కువ. మందు మార్చినకొద్దీ అవకాశం తగ్గుతుంది గానీ సున్నా కాదు. మందులు మార్చడం ఒక్కటే దారి కాదన్న ఆలోచన బలపడింది కూడా ఇలాంటి ఫలితాల వల్లే.

2. కొత్త దారి వెతికే ముందు

ప్రోగ్రామ్ తప్పు అవుట్‌పుట్ ఇస్తే కంపైలర్‌ని తిట్టేముందు ఫైల్ సేవ్ చేశామా లేదా అని చూస్తాం కదా. డాక్టర్లు కూడా అదే చేస్తారు. నిజంగా లొంగనిదా, లేక లొంగనట్టు కనిపిస్తోందా అని చూస్తారు. థైరాయిడ్ తక్కువుందా, రక్తహీనత ఉందా, బీ12 లోపం ఉందా, మద్యం అలవాటు ఉందా, వేరే జబ్బుకి వాడుతున్న మందుల ప్రభావమా అని పరీక్షిస్తారు. ఇది అసలు డిప్రెషనేనా, లేక బైపోలార్ జబ్బులో కుంగిపోయే దశా అన్నది పెద్ద ప్రశ్న. దాని చికిత్స వేరు. అందుకే "ఎప్పుడైనా నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారుగా ఉన్న రోజులున్నాయా" అని అడుగుతారు. మనకి గుర్తుంటే చెప్పాలి.

ఇంకో ప్రశ్న ఉంది. అక్కడే నా మొదటి తప్పు బయటపడింది.

"మాత్రలు రోజూ వేసుకున్నారా?" అని డాక్టర్ అడిగారు. నేను నేలవైపు చూశాను. ఎందుకంటే రెండో మందు నిద్ర ముంచుకొస్తోందని ఇంటర్నల్స్ టైములో అక్క వారాలకి వారాలు మానేసింది. స్ట్రిప్పులో మాత్రలు అలాగే ఉండటం నేను చూశాను. చెప్తే వాళ్లమ్మ తిడుతుందని నేనే దాన్ని డ్రాయర్లో కిందికి తోశాను. స్నేహం అనుకున్నాను. చివరికి అక్కే చెప్పింది, "లేదు మేడమ్, రెండోది సరిగ్గా వేసుకోలేదు" అని. డాక్టర్ కోప్పడలేదు. పెన్నుతో ఆ మందు పక్కన ఒక గీత పెట్టారు. అంటే అది లెక్కలోంచి పోయింది. మొదటిది పది వారాలు, మూడోది ఎనిమిది వారాలు సక్రమంగానే వాడింది కాబట్టి రెండు లెక్క ఎలాగూ ఉంది. కానీ నేను దాచిన విషయం వల్ల ఎనిమిది నెలలు తప్పు లెక్కతో నడిచింది.

అందుకని మొదటి పాఠం: పక్కనున్నవాళ్ల పని కాపలా కాయడం కాదు, కప్పిపుచ్చడమూ కాదు. "సైడ్ ఎఫెక్ట్ ఇబ్బందిగా ఉంటే డాక్టర్‌కి చెబుదాం, వాళ్లు టైమ్ మారుస్తారు, డోసు మారుస్తారు" అని చెప్పడం. సొంతంగా టక్కున ఆపేస్తే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి రావచ్చు, జబ్బు తిరగబెట్టవచ్చు. ఇరవై ఐదేళ్లలోపు వాళ్లకైతే మందు మొదలుపెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతున్నాయేమో దగ్గరగా గమనించాలనే హెచ్చరిక కూడా ఉంది. మనమందరం ఆ వయసువాళ్లమే కాబట్టి గుర్తుపెట్టుకోండి.

3. ఏ ఏ దారులున్నాయి?

డాక్టర్ చెప్పినవి, తర్వాత నేను చదివినవి కలిపి క్లుప్తంగా రాస్తున్నాను.

తోడు మందు: ఉన్న మందుకి ఇంకోటి కలపడం. లిథియం, కొన్ని యాంటీసైకోటిక్ మందులు చిన్న డోసులో, థైరాయిడ్ హార్మోన్, ఇలాంటివి. యాంటీసైకోటిక్ అనే పేరు చూసి "నాకు పిచ్చి అనుకుంటున్నారా" అని భయపడనక్కర్లేదు, ఇక్కడ దాని పని వేరు. లిథియం అయితే రక్తంలో ఎంత ఉందో పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. కిడ్నీ, థైరాయిడ్ కూడా చూస్తారు. హాస్టల్ వాళ్లకి ముఖ్యమైన సంగతి: లిథియం వాడేవాళ్లు తలనొప్పికి పక్కరూమువాళ్లు ఇచ్చిన ఐబుప్రొఫెన్ లాంటివి అడగకుండా వేసుకోకూడదు. రక్తంలో లిథియం పెరిగిపోవచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గినా అంతే, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

మాటల చికిత్స: "మందులే పని చేయలేదు, మాటలేం చేస్తాయి" అనుకున్నాను నేను. బ్రిటన్‌లో 469 మందితో కోబాల్ట్ అనే అధ్యయనం జరిగింది. 2013లో ఫలితాలు వచ్చాయి. వాళ్లంతా మందు వాడినా తగ్గనివాళ్లే. మామూలు చికిత్సతో పాటు సీబీటీ అనే మాటల చికిత్స కూడా తీసుకున్నవాళ్లలో ఆరు నెలలకి 46 శాతం మందికి లక్షణాలు సగానికి సగం తగ్గాయి. అది లేనివాళ్లలో 22 శాతం. ఇది "ధైర్యంగా ఉండు" అని చెప్పడం కాదు. ఆలోచనలు, రోజువారీ పనులు ఎలా ఒకదాన్నొకటి లాగుతున్నాయో కాగితం మీద పెట్టి, కొద్దికొద్దిగా మార్చే పద్ధతి.

ఆర్‌టీఎంఎస్: ఫిజిక్స్‌లో చదివిన ఫారడే సూత్రమే. 1831లో ఆయన కనిపెట్టిందేంటి? మారుతున్న అయస్కాంత క్షేత్రం తీగలో కరెంటు పుట్టిస్తుంది. ఇక్కడ కాయిల్‌ని తలకి ఆనించి పెడతారు. లోపల మెదడు పైపొరలో సన్నని కరెంటు పుడుతుంది. మామూలుగా నుదుటికి ఎడమవైపు, కాస్త పైన ఉండే భాగం మీద పెడతారు. మత్తు అక్కర్లేదు, మెలకువగానే కూర్చుంటారు. అమెరికాలో డిప్రెషన్‌కి 2008లో అనుమతి వచ్చింది. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు వెళ్లాలి. తలనొప్పి, కాయిల్ పెట్టిన చోట నొప్పి ఉండొచ్చు. మూర్ఛ వచ్చే ప్రమాదం చాలా అరుదు. తలలో లోహపు క్లిప్పులు, చెవి ఇంప్లాంట్లు ఉన్నవాళ్లకి పనికిరాదు.

కెటమిన్: ఇది 1962లో తయారైన మత్తుమందు. చిన్న డోసులో డిప్రెషన్ మీద గంటల్లోనే ప్రభావం చూపగలదని తర్వాత తెలిసింది. దీనికి దగ్గరి రూపం ఎస్కెటమిన్ ముక్కు స్ప్రేకి 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. బీపీ పెరుగుతుంది, చుట్టూ ఉన్నది నిజం కానట్టు అనిపిస్తుంది, అందుకని వైద్యుల పర్యవేక్షణలోనే ఇస్తారు. వ్యసనం అయ్యే ప్రమాదం ఉంది. ప్రభావం ఎక్కువ కాలం నిలవకపోవచ్చు. బయట "పార్టీ డ్రగ్"గా దొరికేదానికీ దీనికీ ముడిపెట్టి సొంత ప్రయోగాలు చేయకండి.

ఈసీటీ: సినిమాలు చెడగొట్టిన చికిత్స ఇది. 1938లో రోమ్‌లో మొదలైంది. అప్పట్లో మత్తు లేకుండా ఇచ్చేవారు. మనం తెరమీద చూసేది ఆ రూపమే. ఇప్పుడు మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఈసీటీ ఇవ్వడం నిషేధం. మనిషి నిద్రలో ఉండగా మెదడులో కొద్ది సేపు, సాధారణంగా నిమిషం లోపే, మూర్ఛ కలిగిస్తారు. వారానికి రెండు మూడు చొప్పున మామూలుగా 6 నుంచి 12 సార్లు. తీవ్రమైన డిప్రెషన్ మీద, ముఖ్యంగా తిండి మానేసిన స్థితిలో, ప్రాణాపాయం ఉన్నప్పుడు, బాగా పనిచేసే చికిత్సల్లో ఇదొకటి. అయితే మతిమరుపు నిజం. చికిత్స జరిగిన వారాల జ్ఞాపకాలు పోవచ్చు. కొందరికి అంతకుముందువి కూడా కొన్ని తిరిగి రావు. అయిపోయాక కూడా మందులు కొనసాగించాలి, లేకపోతే తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

4. ఎంచుకునేది ఎవరు?

ఇక్కడ నా రెండో తప్పు. ఆర్‌టీఎంఎస్ గురించి చదవగానే నాకు పిచ్చిగా నచ్చేసింది. కాయిల్, పల్స్, ఫ్రీక్వెన్సీ, అబ్బో. రెండు రోజులు కూర్చుని పద్దెనిమిది స్లైడ్లు చేశాను. అక్క మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టి ప్రెజెంటేషన్ ఇచ్చాను. ఏడో స్లైడు దగ్గర ఆపమంది.

"నీకు మెషీన్ నచ్చిందే. నాకు మెస్ దాకా నడిచే ఓపిక లేదు. వారానికి ఐదు రోజులు బస్సెక్కి సిటీకి ఎలా వెళ్తాను?"

నిజమే. నా స్లైడ్లలో అక్క లేదు. నేను "ఏది బాగా పనిచేస్తుంది" అని వెతికాను. తనకి కావాల్సింది "నేను ఏది చేయగలను, ఏది పోగొట్టుకోలేను" అన్నది. రెండూ వేర్వేరు ప్రశ్నలు.

అప్పుడు స్లైడ్లు మూసేసి ఒక తెల్లకాగితం తీశాం. ఒక్కో దారి ముందు ఐదు ప్రశ్నలు రాశాం.

ఇది మొదలుపెట్టడానికి నాకెంత ఓపిక, ఎన్ని రోజులు, ఎంత డబ్బు కావాలి?
పని చేస్తోందో లేదో ఎప్పటికి తెలుస్తుంది?
దీనివల్ల నేను ఏం పోగొట్టుకోవచ్చు?
పని చేయకపోతే తర్వాత ఏంటి?
దీనికి ఒప్పుకోకపోతే ఏమవుతుంది?

జవాబులు నేను నింపలేదు. ఖాళీలు ఉన్న కాగితాన్నే డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లాం. డాక్టర్ గదిలోకి వెళ్తే అక్కకి మాట రాదు. కాగితం ఉంటే చదవొచ్చు. నేను పక్కన కూర్చుని జవాబులు రాసుకున్నాను. కుంగిపోయినప్పుడు విన్నది గుర్తుండదు, అందుకని రాసిపెట్టే మనిషి ఉండటం చాలా ఉపయోగం. డబ్బు ప్రశ్న దగ్గర ఒక సంగతి తెలిసింది: అదే 2017 చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీలు మానసిక జబ్బులకి కూడా శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలి. వాళ్ల నాన్నగారి పాలసీ కాగితాలు ఇంట్లో వెతికించాం.

ఈసీటీ మాట వచ్చినప్పుడు ఆయన ఫోన్లో నన్నే అడిగారు. "అమ్మా, నా బిడ్డకి కరెంటు పెట్టిస్తారా?" ఆయన గొంతు వణికింది. చట్టం, మత్తు, అంకెలు అన్నీ నా నోటిదాకా వచ్చాయి. కానీ ఆయన అడిగింది అంకెలు కాదు. "అంకుల్, ఇప్పుడే ఏమీ పెట్టట్లేదు. మీరొచ్చి డాక్టర్‌ని మీ ప్రశ్నలన్నీ అడగండి. అక్క ఒప్పుకుంటేనే ఏదైనా" అన్నాను. మరుసటి వారం వచ్చారు. ఆయన ప్రశ్నలు కూడా ఒక కాగితం మీద రాసుకుని.

అక్క తీసుకున్న నిర్ణయం ఇది: ముందు లిథియం తోడు, దాంతో పాటు సీబీటీ. ఎనిమిది వారాలకి సరిపోయినంత మార్పు లేకపోతే సెమ్ సెలవుల్లో, బస్సు బాధ లేకుండా పిన్ని ఇంట్లో ఉండి ఆర్‌టీఎంఎస్. పరిస్థితి బాగా దిగజారితే ఈసీటీకి కూడా తను సిద్ధమే. మంచి ప్లాన్ అంటే ఇంకో "అయితే" కూడా రాసి ఉన్న ప్లాన్ అని నాకప్పుడు అర్థమైంది. ఒకటి విఫలమైతే అంతా అయిపోయినట్టు కాదని ఆ కాగితమే చెప్తుంది.

మార్పు కొలవడానికి ప్రతి ఆదివారం టీ తాగుతూ పీహెచ్‌క్యూ-9 నింపుతాం. తొమ్మిది ప్రశ్నలు, 0 నుంచి 27 దాకా స్కోరు. 20 దాటితే తీవ్రం, 10 లోపు అయితే స్వల్పం. కుంగిపోయిన మనసు "ఏమీ మారలేదు" అనే చెప్తుంది. అంకె అప్పుడప్పుడు దానితో వాదిస్తుంది.

5. అడగాల్సిన ప్రశ్న

"ఇంకేమైనా దారి" అని ఒకరు అన్నప్పుడు, ఆ దారి చికిత్సా, చావా అని మనకి తెలియాలి. ఊహించకూడదు, అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని నేను భయపడ్డాను. అలా జరగదు. చాలామందికి అడిగినందుకు ఊరట కలుగుతుంది.

డొంకతిరుగుడు లేకుండా అడిగాను. "అక్కా, చచ్చిపోవాలనిపిస్తోందా?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అప్పుడప్పుడు" అంది. నా చేతులు చల్లబడ్డాయి, కానీ "ఎందుకలా" అని వాదించలేదు. "చెప్పినందుకు థ్యాంక్స్. ఇది నా ఒక్కదానితో ఉండే విషయం కాదు, డాక్టర్‌కి చెబుదాం" అన్నాను. ఆ రాత్రే ఇద్దరం కలిసి ఫోన్ చేశాం. తనని ఒంటరిగా వదల్లేదు.

అందుకే మొదట్లోనే ఇలా మాటివ్వండి: "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను, నీ ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప." టెలీ మానస్ నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వ సేవ, 2022 అక్టోబర్ 10న మొదలైంది, డబ్బు అక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పక్కనున్నవాళ్లు కూడా చేయొచ్చు. ప్రమాదం వెంటనే ఉంటే ఫోన్‌తో ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. "ఎర్రగడ్డ" అని తిట్టుగా వాడే అలవాటు నాకూ ఉండేది. మానేశాను.

6. మన సంగతి

నాలుగో నెలలో నాకు ఒక సబ్జెక్ట్ పోయింది. రాత్రిళ్లు అక్క ఊపిరి వింటూ పడుకునేదాన్ని. కౌన్సెలర్ మేడమ్ ఒకటే అడిగారు. "నువ్వు జ్వరమొచ్చి ఇంటికెళ్తే తనకి ఇంకెవరున్నారు?" ఎవరూ లేరు. అది ప్రేమ కాదు, ప్రమాదం అన్నారు. అప్పటినుంచి అక్క ఒప్పుకున్న నలుగురం పంచుకున్నాం. ఒకరు మెస్‌కి తోడు, ఒకరు సాయంత్రం నడక, ఒకరు ఇంటివాళ్లతో ఫోన్లు. నాది ఆదివారం టీ, ఆసుపత్రి కాగితాలు. వార్డెన్ ఆంటీ ఔటింగ్ పర్మిషన్ల సంగతి చూసుకుంటున్నారు.

ఏడు వారాల కిందట స్కోరు 21. నిన్న 14. తక్కువే గానీ, చాలదు. సెలవుల్లో ఆర్‌టీఎంఎస్‌కి డాక్టర్‌తో తేదీ మాట్లాడాం. అది పని చేస్తుందో లేదో నాకు తెలీదు, అక్కకీ తెలీదు. కాగితం మీద దాని కింద ఇంకో వరుస ఉంది.

ఈ వ్యాసం అక్కకి చదివి వినిపించాను. మెషీన్ గురించి మళ్లీ ఎక్కువ రాశావంది. ఐదు ప్రశ్నలు మాత్రం బాగున్నాయంది. వాటిని కాపీ చేసుకోండి. మీ పక్క మంచం మీద ఎవరికైనా అవసరమైతే, ఖాళీలు మీరు నింపకుండా ఇవ్వండి.